పులికాట్ నీటిలో ఉప్పు, వేడి, జంతు ప్లవకాలు

చిరంజీవికి,

పులికాట్ సరస్సులో ఏ జంతు ప్లవకం ఎక్కడ బతకగలదో ముఖ్యంగా ఉప్పు తేలుస్తుంది. బతికిన చోట అది ఎంత త్వరగా పెరుగుతుందో వేడి తేలుస్తుంది. నీటి వాలుకు ఎదురీదలేక దానితోపాటే కొట్టుకుపోయే చిన్న ప్రాణులే జంతు ప్లవకాలు. కోపిపాడ్లు, రోటిఫర్లు, డాఫ్నియా వంటి క్లాడోసెరాలు, రొయ్యల, పీతల డింభకాలు వీటిలో ముఖ్యమైనవి. చాలా రకాల చేపపిల్లలకు తొలి మేత ఇవే.

దేశంలో చిలికా తర్వాత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఎక్కువ భాగం తిరుపతి జిల్లాలో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. శ్రీహరికోట దీవి దీన్ని బంగాళాఖాతం నుంచి వేరు చేస్తుంది. కాళంగి, ఆరణి నదులు మంచినీరు తెస్తాయి. ముఖద్వారాల గుండా సముద్రపు నీరు వస్తుంది. సగటు లోతు మీటరుకు అటూ ఇటూ. అందుకే నాలుగు వానలు పడితే నీరు చప్పబడుతుంది, ఎండ ముదిరితే ఉప్పెక్కుతుంది.

సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వరద వచ్చినప్పుడు నదుల మొగల దగ్గర నీరు దాదాపు మంచినీరే. అప్పుడు అక్కడ బ్రాకియోనస్ వంటి రోటిఫర్లు, క్లాడోసెరాలు కనిపిస్తాయి. వరద తగ్గాక ముఖద్వారాల వైపు నుంచి సముద్రపు కోపిపాడ్లు, బాణపు పురుగులు లోపలికి వస్తాయి. నడుమ ఉన్న మిశ్రమ నీటిలో అకార్షియా, ఓయితోనా వంటి ఓర్పుగల కోపిపాడ్లు నిలదొక్కుకుంటాయి. నడివేసవిలో ఉత్తర భాగం ఎండుతూ సముద్రాన్ని మించి ఉప్పెక్కితే రకాలు తగ్గి, తట్టుకోగలిగిన కొన్నే మిగులుతాయి.

కారణం ఒంట్లోనే ఉంది. ఉప్పు కలిపిన మామిడి ముక్కలు నీరూరినట్టే, ఉప్పునీట పడిన మంచినీటి ప్రాణి ఒంట్లోని నీరు బయటికి పోతుంది. సముద్రపు ప్రాణి మంచినీటిలో పడితే నీరు లోపలికి చొరబడి ఒళ్లు ఉబ్బుతుంది. ఈ తేడాను సరిదిద్దుకోవడానికి శక్తి ఖర్చవుతుంది. ఆ ఖర్చు భరించలేనివి చనిపోతాయి, భరించేవి గుడ్లు తక్కువ పెడతాయి. రోటిఫర్లు, క్లాడోసెరాలు, కొన్ని కోపిపాడ్లు గట్టి పెంకు గుడ్లు పెడతాయి. అవి బురదలో నిద్రాణంగా ఉండి, నీరు అనుకూలించాక పొదుగుతాయి.

వేడి పెరిగితే కొంత హద్దు వరకు గుడ్లు త్వరగా పొదుగుతాయి, తరాలు త్వరగా మారతాయి, పెద్దవైన ప్రాణుల సైజు మాత్రం తగ్గుతుంది. హద్దు దాటితే నష్టమే. 20 డిగ్రీల మంచినీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల నీరు ఏడున్నరే పట్టుకుంటుంది. ఉప్పు చేరితే అది ఇంకా తగ్గుతుంది. అందుకే వేసవిలో రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి. మన తీరంలో గడ్డకట్టే చలి లేదు కాబట్టి, ఏడాది పొడుగునా వచ్చే మార్పుల్లో వేడి కన్నా ఉప్పుదే పైచేయి.

ఇసుక మేట వేసి ముఖద్వారం పూడితే సముద్రపు ప్లవకాల రాక ఆగుతుంది, రొయ్య డింభకాలకు దారి మూసుకుపోతుంది. చిలికాలో 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వాక నీటి ఉప్పదనం పెరిగింది, చేపల రాబడీ కోలుకుంది.

ప్లవకాలను పట్టే వల కన్నం సాధారణంగా 200 మైక్రాన్లు. రోటిఫర్లకు అంతకన్నా సన్నది కావాలి. వల వేసిన ప్రతిసారీ ఉప్పదనం, ఉష్ణోగ్రత, తేదీ, వేళ, చోటు రాయాలి. రొయ్యల రైతులు వాడే రిఫ్రాక్టోమీటరు అద్దం మీద ఒక్క చుక్క వేసి వెలుగుకేసి చూస్తే, నీలం తెలుపుల మధ్య గీత ఉప్పు ఎంతో చెబుతుంది.

నువ్వుండే హొళగుందకు సముద్రం దూరమైనా ఈ చదువుకు అడ్డంకి లేదు. చెరువు నీటిలో సైక్లాప్స్ దొరుకుతుంది. ఒకప్పుడు దిగుడుబావుల్లో నారికురుపు పురుగును మోసింది ఇదే. ఇదీ కోపిపాడే. దాన్ని గుర్తుపట్టడం వచ్చాకే పులికాట్ నమూనాల జోలికి పోవాలి. ఉప్పదనం, ఉష్ణోగ్రత రాయని నమూనా ఎంత మంచిదైనా దేనికీ పనికిరాదు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న