రంగుల ప్రవాహం

చిత్రకళ అనగానే కుంచె, రంగులపలక, ఎదుట నిలిపిన కాన్వాసు స్ఫురించడం సహజం. అయితే కుంచెను పక్కన ఉంచి, ద్రవరూపంలో ఉన్న రంగులను నేరుగా కాన్వాసుపై పోసి, దానిని నలువైపులా వంచుతూ చిత్రాన్ని రూపొందించే పద్ధతి కూడా ఉంది. దీనినే ‘అక్రిలిక్ పోరింగ్’ అంటారు. పైకి ఇది కేవలం యాదృచ్ఛిక క్రీడగా తోస్తుంది. కాని దీనికి పదార్థ ధర్మాల పరిజ్ఞానం, ఓర్పు, చెడిన పనిని సరిదిద్దుకొనే వివేకం అవసరం.

ఈ పద్ధతికి పూర్వరూపం మెక్సికో కుడ్యచిత్రకారుడు డేవిడ్ అల్ఫారో సికెయిరోస్ (1896–1974) ప్రయోగాలలో కనిపిస్తుంది. ఆయన 1936లో న్యూయార్క్ నగరంలో ఒక ప్రయోగాత్మక చిత్రశాలను నెలకొల్పారు. అక్కడ పారిశ్రామిక అవసరాలకు వాడే రంగులను పలకలపై పోసి పరిశీలించారు. ఒక రంగుపై మరొకటి పోయగా అవి పరస్పరం చొచ్చుకొని, ఏ చేయీ గీయని ఆకృతులు ఏర్పడ్డాయి. అనంతర కాలంలో ప్రఖ్యాతి పొందిన జాక్సన్ పొలాక్ ఆ చిత్రశాలలో పాల్గొన్నవారిలో ఒకరు. నీటితో పలుచబరచగల అక్రిలిక్ రంగులు 1950ల మధ్యకాలంలో చిత్రకారులకు అందుబాటులోకి వచ్చాయి.

ఆ ఆకృతులు ఏర్పడే తీరును మెక్సికో పరిశోధకులు 2015లో శాస్త్రీయంగా వివరించారు. బరువైన ద్రవం తేలికైన ద్రవంపై నిలిచినప్పుడు ఆ అమరికకు స్థిరత్వం ఉండదు. పైది కిందికి దిగజారుతుంది, కిందిది పైకి ఉబుకుతుంది. దీనికి ‘రేలీ–టేలర్ అస్థిరత’ అని పేరు. తెలుపు రంగులోని టైటానియం డయాక్సైడు సాంద్రత నీటి సాంద్రతకు నాలుగు రెట్లకు పైగా ఉంటుంది. అందువల్ల నలుపుపై తెలుపు పోసినప్పుడు కణాల వంటి వలయాలు విచ్చుకొంటాయి. వరుస మార్చి తెలుపుపై నలుపు పోస్తే ఆ ఫలితం రాదు. యాదృచ్ఛికమనిపించే అందానికి కూడా ఒక నియమం ఉన్నదని దీనివల్ల తెలుస్తుంది.

రంగులు కలపడం ఈ కళలో మొదటి మెట్టు. అక్రిలిక్ రంగులో వర్ణపు రేణువులు, సూక్ష్మమైన ప్లాస్టిక్ రేణువులు నీటిలో తేలుతుంటాయి. నీరు ఆవిరి కాగానే ప్లాస్టిక్ రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కొని దృఢమైన పొరగా మారుతాయి. నీరు మితిమీరితే ఆ పొర బలహీనపడి, ఊడిపోయే ప్రమాదం ఉంది. కనుక రంగును పలుచబరచడానికి ప్రత్యేకమైన పోరింగ్ మీడియాన్ని వాడి, నీటిని కొద్దికొద్దిగా మాత్రమే చేర్చాలి. మిశ్రమం దోసెపిండికన్న పలుచగా, పాలకన్న చిక్కగా, తేనెధారవలె జారాలి. రంగులన్నిటికీ ఇంచుమించు ఒకే చిక్కదనం ఉండాలి. వేగంగా గిలకొడితే బుడగలు పుడతాయి కాబట్టి నెమ్మదిగా కలిపి, కొంతసేపు కదపకుండా ఉంచాలి. ఎరుపు–ఆకుపచ్చ, నీలం–నారింజ వంటి పరస్పర విరుద్ధ వర్ణాలు అతిగా కలిస్తే బురదరంగు మిగులుతుంది. తడిగా ఉన్నప్పుడు లేతగా కనిపించే రంగు ఆరిన తరువాత కొంత ముదురుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకొన్నా చిత్రం చెడవచ్చు. కళాకారుని వివేకానికి అసలు పరీక్ష అప్పుడే. రంగు ఇంకా తడిగా ఉంటే అనవసరమైన భాగాన్ని అంచుల మీదుగా జారవిడవవచ్చు, లేదా చదునైన పలకతో గీకివేసి మళ్లీ పోయవచ్చు. పైపొర కట్టడం మొదలైన తరువాత మాత్రం తాకరాదు. సగం ఆరిన పొరను కదిపితే అది చిరిగి ముడతలు పడుతుంది. రంగు మందంగా నిలిస్తే పైపొర ముందుగా ఆరి, అడుగుపొర కుంచించుకొనేటప్పుడు పగుళ్లు ఏర్పడతాయి. అందుచేత కాన్వాసును సమతలంపై, దుమ్ము పడనిచోట ఆరనివ్వాలి.

పూర్తిగా ఆరిన అక్రిలిక్ నీటిలో కరగదు. అది లోపం కాదు, మరొక అవకాశం. ఎత్తుపల్లాలను గరుకు కాగితంతో తడిగా రుద్ది నునుపు చేయాలి. వలయాల కోసం సిలికోన్ నూనె కలిపి ఉంటే దాని జిడ్డును సబ్బునీటితో తొలగించాలి. లేకుంటే కొత్త రంగు అక్కడ అంటుకోదు. తరువాత తెల్లని పూత వేసి, అది ఆరాక కొత్త చిత్రానికి ఉపక్రమించవచ్చు. అయితే జారిపడిన రంగును కాలువలో పారబోయరాదు. అందులోని ప్లాస్టిక్ జలాశయాలను కలుషితం చేస్తుంది. దానిని ఆరబెట్టి ఘనవ్యర్థంగానే తొలగించాలి.

ప్రవాహాన్ని పూర్తిగా శాసించడం ఎవరి వశమూ కాదు. కాని చిక్కదనాన్ని, వర్ణాల వరుసను, వంపును నిర్ణయించేది మానవుడే. ఎప్పుడు కదపాలో, ఎప్పుడు చేయి వెనక్కు తీసుకోవాలో, ఏ చిత్రాన్ని రుద్ది మళ్లీ మొదలుపెట్టాలో తెలిసినవానికి చెడిన కాన్వాసు సైతం వృథా కాదు. అడుగున నిలిచిన పాత రంగుల పొరే కొత్త చిత్రానికి ఆధారమవుతుంది.