క్రొత్తవారి చావడి

తెనాలి ఒక రైల్వే జంక్షను. అచ్చటినుండి ప్రధాన మార్గము బాపట్ల వైపునకు సాగును. ఒక శాఖ చీలి రేపల్లె చేరును. క్రొత్త ప్రయాణికుడు ఏ బండి ఎక్కవలెనో తెలియక ప్రక్కవానిని అడుగును. అందులకు అతని నెవ్వరును ఎగతాళి చేయరు. కాని కంప్యూటరు ముందు దిక్కుతోచక కూర్చున్నవానికి ప్రక్కవాడెవ్వడు? అట్టివానిని సమకూర్చుటకే సహాయపు ఛానెళ్లు ఏర్పడినవి.

స్వేచ్ఛా సాఫ్టువేరును ఎవ్వరైనను పరిశీలింపవచ్చును, మార్చుకొనవచ్చును, పంచిపెట్టవచ్చును. 1991లో ఫిన్లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు ఈ కోవకు చెందినది. దీనిని ఊరకే తెచ్చుకొన్నవానికి, చిక్కు వచ్చినపుడు నిలదీయుటకు అమ్మినవాడుండడు. తెలిసినవారే తెలియనివారికి చెప్పవలెను. వారు కూడుకొనుటకు తగిన చావడి అంతకు మూడేండ్ల ముందే, ఆ దేశముననే వెలసినది. 1988లో ఔలు విశ్వవిద్యాలయమున యార్కో ఓయికారినెన్ రూపొందించిన ఐ.ఆర్.సి. పద్ధతిలో ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క ఛానెలు ఉండును. అందు ఒకరు వ్రాసిన మాట అందరికిని వెంటనే కనిపించును.

రేపల్లెలో ఒక బాలుడు లినక్సు ఎక్కించుకొనెననుకొనుడు. తెరపై తెలుగు అక్షరములకు మారుగా ఖాళీ గడులు కనబడినవి. అతడు ఛానెలునకు వచ్చి “నా కంప్యూటరు పనిచేయుట లేదు” అన్నచో ఎవరేమి చెప్పగలరు? అది ఏ రకపు లినక్సు, ఏమి చేయగా ఏమి కనబడినది, అతడు ఇంతకుముందు ఏమి ప్రయత్నించెను అనునవి తెలిసినగాని వైద్యము సాగదు. అయితే క్రొత్తవానికి అడుగు తీరును తెలియదు గదా! “ముందు పుస్తకము చదువుకొని రమ్ము” అని కసరినచో ఆ బాలుడు మరల రాడు, లినక్సునే విడిచిపోవును. ఓర్పుగలవాడు నాలుగు ప్రశ్నలు వేసి, తెలుగు ఫాంటు లేకపోవుటయే కారణమని గుర్తించి, లోహిత్ తెలుగు వంటిదానిని చేర్చుకొనుమని చెప్పును. పని ఐదు నిమిషములది.

కసరువానికంటె అపాయకరుడు మరియొకడు కలడు. క్రొత్తవారి అమాయకత్వముతో వినోదించు తుంటరులు, ఫైళ్లన్నింటిని తుడిచివేయు ఆజ్ఞనే మందుగా చెప్పిన సందర్భములు కలవు. ఏడాది పొడుగున వ్రాసికొన్నదంతయు ఆ ఒక్క పంక్తితో మాయమగును. అందువలననే ఛానెలునకు కాపరులు కావలెను. దుష్టులను వెలివేయు అధికారము వారికుండవలెను. ఒక్కరే రేయింబవళ్లు మేలుకొనలేరు గనుక పలుదేశములవారు ఆ భారము పంచుకొందురు. ఒకరికి రాత్రియైనపుడు మరొకరికి పగలు. లినక్సు రకములలో ఒకటియైన ఉబుంటువారు పిచ్చాపాటికి వేరొక ఛానెలు కేటాయించిరి. మాటిమాటికి వచ్చు ప్రశ్నలకు సిద్ధముగానున్న జవాబులిచ్చుటకు ఉబొట్టు అను బాటును నిలిపిరి. బాటు అనగా మరబొమ్మ కాదు, అదియు ఒక ప్రోగ్రామే. దానికి విసుగు లేదు. కాని బాలుని చిక్కు నిజముగా ఏమిటో కనుగొనుటకు మనుష్యుడే కావలెను.

ఇట్టి చావడులలో వ్యవహారము చాలవరకు ఇంగ్లీషున జరుగును. బాపట్ల విద్యార్థికి ఆ భాష వచ్చినను తన సందేహమును తెలుగున చెప్పుకొనుట తేలిక. 2005లో ఆరంభమైన స్వేచ్ఛ సంస్థ సాఫ్టువేరును తెలుగులోనికి తెచ్చుటకు పూనుకొన్నది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, మీడియావికీ అను స్వేచ్ఛా సాఫ్టువేరుపై నడచును. అందు అందరును చర్చించు స్థలమునకు రచ్చబండ యని పేరు. క్రొత్త సభ్యుడు తన చర్చాపుటలో ‘సహాయం కావాలి’ అను మూసను ఉంచినచో అనుభవజ్ఞులు చూచి జవాబు వ్రాయుదురు. ఇది వెనువెంటనే సాగు సంభాషణ కాదు. అయినను ఇందొక సౌకర్యము కలదు. రేపల్లెలో అర్ధరాత్రివేళ వ్రాసిన ప్రశ్న, తెల్లవారి తెనాలిలో ఎవరో కంప్యూటరు తెరచువరకు అచ్చటనే నిలిచియుండును.