దండమునకు ముందు లెక్క

బెంగుళూరు నుండి కోలారు వెళ్లు రాజమార్గమున, పట్టణమింకను కొంత దూరముండగనే నరసాపురమను గ్రామము తగులును. రాగిచేలకును, పట్టుపురుగుల పెంపకమునకును, చెరువులకును పేరుగన్న ఆ సీమలో నేడు హోండా స్కూటర్ల కర్మాగారమును, చేతిఫోనులు కూర్చు కర్మాగారమును, మరికొన్ని పరిశ్రమలును వెలసియున్నవి. కన్నడము, తెలుగు, తమిళము ఒకే వీధిలోను, తరచుగా ఒకే నోటను వినవచ్చు జిల్లా యగుటచే, అచటి ముచ్చట తెలుగువారికి పొరుగింటి ముచ్చటయే. చేతిక్రింది వారి నడవడిని న్యాయముగా దిద్దుట యెట్లను ప్రశ్నకు నేను ఆ యూరినే సాక్ష్యము పిలుచుచున్నాను.

2020 డిసెంబరు 12వ తేదీ ఉదయమున, తైవాను దేశపు విస్ట్రాన్ సంస్థ ఆపిల్ కంపెనీ కొరకు ఐఫోనులు కూర్చుచుండిన కర్మాగారములో, రాత్రి షిఫ్టు ముగించుకొన్న పనివారు ఒక్కుమ్మడిగా రేగి, అద్దములు పగులగొట్టి, వాహనములను తలక్రిందులు చేసి, కార్యాలయమును ధ్వంసము చేసిరి. వందమందికి పైగా నిర్బంధింపబడిరి. నష్టము 437 కోట్ల రూపాయలని తొలి ఫిర్యాదులో వ్రాయబడినది. కొన్నాళ్లకే అది 26 కోట్లకును 52 కోట్లకును నడుమ నుండునని సంస్థయే సవరించుకొన్నది. ఆవేశపు వేళ వేసిన లెక్క యెంత దూరము పోవునో తెలుపుటకు ఈ రెండంకెలు చాలును. పనివారు చేసినది తప్పు. అందు సందేహము లేదు. కాని తప్పని తీర్పు చెప్పి లేచిపోవు పెద్దమనిషి, తన పనిలో సగమే చేసినవాడగును.

కర్ణాటక ప్రభుత్వపు ఫ్యాక్టరీల శాఖవారు పరిశీలించి చెప్పిన విషయములు మిక్కిలి సామాన్యములు, సామాన్యములగుటచేతనే భయంకరములు. కొద్దికాలములో పనివారి సంఖ్య 5,000 నుండి 10,500 వరకు పెరిగినది. వారి బాగోగులు చూడవలసిన హెచ్.ఆర్. విభాగము మాత్రము ఆ మేరకు పెరుగలేదు. అక్టోబరు నుండి పండ్రెండు గంటల షిఫ్టు వచ్చినది. దానివలన జీతమెట్లు మారునో పనివారికి సరిగా నెరిగించినవారు లేరు. హాజరు నమోదు చేయు యంత్రము తప్పుచుండగా, నెలలు గడచినను దానిని దిద్దినవారు లేరు. పనిగంటల లెక్క చూచు పద్ధతి సరిగా లేకపోవుటచే అక్టోబరు, నవంబరు నెలలలో కొందరి వేతనములు ఆలస్యమైనవని ఆపిల్ వారును తేల్చి, విస్ట్రానుకు కొత్త పనులొసగుట నిలిపివేసిరి. విస్ట్రాను తన భారతదేశ వ్యవహారములు చూచు ఉపాధ్యక్షుని తొలగించి, పనివారిని బహిరంగముగా క్షమాపణ వేడినది. ఇందెవ్వరును కావలెనని అన్యాయము తలపెట్టినట్లు నాకు తోచదు. లెక్క తప్పుచున్నదని పనివాడు చెప్పినప్పుడు, ఆ మాట విని, పట్టికను మరల చూచి, ‘ఔను, తప్పు మాదే’ యని చెప్పగల మనుష్యుడొక్కడు అతనికి అందుబాటులో లేకపోవుటయే అక్కడి కొరత.

నేను నొక్కి చెప్పదలచినది ఇదియే: న్యాయబుద్ధి గలవాడనని తన్ను దాను నమ్ముకొనుట వేరు, ఆ న్యాయము ఎదుటివాడు వ్రేళ్లు మడచి లెక్కించుకొనగలిగినట్లు చేయుట వేరు. మొదటిదానికి మంచి మనస్సు చాలును; రెండవదానికి శ్రమయు, ఓర్పును, అన్నిటికంటె ముఖ్యముగా, తన పొరపాటును తనకన్న చిన్నవానియెదుట ఒప్పుకొను ధైర్యమును కావలెను. వ్యక్తిత్వమును పెంపొందించుకొనగోరు యువకులు చక్కగా మాటలాడుట నేర్చుకొందురు, నిటారుగా నిలుచుట నేర్చుకొందురు. ఈ ధైర్యమును నేర్చుకొనువారు అరుదు.

నాకది ఆలస్యముగా పట్టుబడినది. నేనొక కార్యాలయమున కొందరిపై అధికారిగా నున్న దినములలో, ఒక గుమాస్తా వరుసగా ఆలస్యముగా వచ్చుచున్నాడని, మూడు ఆలస్యములకు ఒక దినపు సెలవు చొప్పున కోసివేసితిని. నిబంధన అదే. అతడు మారుమాటాడలేదు, నేను దానిని తప్పు ఒప్పుకొనుటగా భావించితిని. నెల గడచిన పిదప తెలిసినదేమనగా, సిబ్బందిని తెచ్చు బస్సు వేళను మా కార్యాలయమే మార్చినది, ఆ ఉత్తరువు మీద చేవ్రాలు నాదే. అతడేల చెప్పలేదని విసుగుకొంటినే కాని, చెప్పుటకు నేనతని కెప్పుడు సందిచ్చితినని నన్ను నేను ప్రశ్నించుకొనుటకు చాలకాలము పట్టినది. కోసిన సెలవు తిరిగి యిచ్చితిని. అతని మౌనమునకు మాత్రము నేనేమియు తిరిగి యియ్యలేకపోయితిని.

మన కార్యాలయములలో సంజాయిషీ యను మాటకు పట్టిన దుర్గతి చూడుడు. అది వివరించి చెప్పుట. మనము దానిని తప్పించుకొను సాకుగా చేసితిమి. ‘సంజాయిషీ అడిగినారు’ అనగానే శిక్ష పడినట్లే యని తోటివారు తలపోయుదురు. కాని చట్టముద్దేశించిన క్రమము వేరు. 2025 వరకు అమలులో నుండిన 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టము ప్రకారము, ఏది తప్పో పనివానికి ముందే తెలిసియుండవలెను. ఆరోపణ వ్రాతమూలమున నందవలెను. బదులు చెప్పుకొనుటకు అతనికి వీలుండవలెను. విచారణ తేలువరకు సస్పెండు చేసినచో, తొంబది దినముల వరకు సగము వేతనమును, ఆ పిమ్మట, జాప్యము అతనివలన కానిచో, నూటికి డెబ్బదియైదు వంతులును జీవనభృతిగా చెల్లింపవలెను. దోషి యని తేలని వాని పిల్లలు పస్తుండరాదను కరుణ ఆ చట్టపు పొడిమాటలలో దాగియున్నది. తప్పునకు మించిన శిక్ష వేసి పనినుండి తొలగించినచో, దానిని తగ్గించు అధికారము 1971 సవరణచే పారిశ్రామిక న్యాయస్థానములకు లభించినది. ఈ మెట్లన్నియు కోర్టులకు వెరచి ఎక్కవలసినవి కావు. కోపము వచ్చినవానికి, ఆ కోపమునకును తీర్పునకును నడుమ నాలుగు దినముల ఎడము కల్పించు సాధనములివి.

ఇట్లన్నంత మాత్రమున అందరిని అన్నిటికిని క్షమింపుమనుట కాదు. బంధువు ఆలస్యముగా వచ్చిన చిరునవ్వును, అన్యుడు వచ్చిన మెమోయు ఇచ్చువాడు, నిత్యము దండించువానికంటె ఎక్కువ చెరుపు చేయును. ఏలయన నిబంధన మీదనే గౌరవము పోవును. నరసాపురమున కర్ర పట్టినవాడు శిక్షార్హుడే. అయితే వాడు ఒకడుగా, తన చేతకు తాను శిక్ష పొందవలెను గాని, వేలమందిని ఒక్క ముద్ద చేసి అనుమానింపరాదు.

ఈ అనుమానపు ఫలమును ఆ జిల్లా పూర్వమే చవిచూచినది. 1880 నుండి జాన్ టేలర్ కంపెనీవారు త్రవ్వించిన కోలారు బంగారు గనులలో, 1930 నాటి పెద్ద సమ్మె ప్రధానముగా కూలిరేటుకై పుట్టినది కాదు. ప్రతి కార్మికునివద్దను వేలిముద్రలు తీసి నమోదు చేయుపద్ధతిని పనివారు సహింపలేకపోయిరి. చీకటిలో, ఉక్కలో, ప్రాణములకు తెగించి పాతాళమున దిగు మనుష్యులు, దొంగల వరుసలో నిలుచుటకు మాత్రము ఒప్పుకొనలేదు. ఆ గనులు 2001లో మూతపడినవి.

నరసాపురపు కర్మాగారము 2021లో మరల తెరువబడినది. 2023లో టాటా ఎలక్ట్రానిక్స్ వారు దానిని కొనుటకు ఒడంబడిక చేసికొనిరి. ఆ యల్లరి పిమ్మట విస్ట్రానువారు చేసిన పనులలో, నా కన్నిటికంటె విలువైనదిగా తోచునది చిన్నది: పనివారు పేరు చెప్పకయే ఫిర్యాదు చేసికొనుటకు కన్నడము, తెలుగు, తమిళము, హిందీ, ఇంగ్లీషు భాషలలో ఒక సహాయవాణిని నెలకొల్పిరి. అద్దములు పగులక ముందే అది యుండవలసినది. చదువరీ, నీ చేతిక్రింద నలుగురు పనిచేయుచున్నచో, రేపు ఉదయము హాజరుపట్టికను వారి ముందర తెరచి, ఇందు తప్పేమైన నున్నదాయని వారి భాషలోనే యడుగుము. అడిగిన పిమ్మట, వారు చెప్పునంతవరకు ఊరకుండుము.