నిలువు ముళ్ల మొక్క: పేరు తేల్చేదెలా?

ప్రశ్న: బనగానపల్లెలో చుట్టాలింటి ప్రహరీ పక్కన నిలువుగా పెరిగిన ముళ్ల మొక్క నుంచి జానెడు ముక్క తెచ్చుకున్నాను. పేరు వాళ్లకూ తెలియదు. ఇదేం మొక్క? ఎలా నాటాలి?
– ఓ పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ముక్కను చూసి ఏ కుటుంబమో చెప్పవచ్చు గానీ, జాతి కచ్చితంగా తేలాలంటే పువ్వు చూడాలమ్మా.

1. గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని సూదితో గుచ్చండి. తెల్లటి పాలు కారి, ముళ్లు జంటలుగా ఉంటే అది కాక్టస్ కాదు. మన రాతిగుట్టల మీద, చేల కంచెల్లో కనిపించే బొంతజెముడు బాపతు. నాగజెముడు మాత్రం నిజమైన కాక్టసే.

2. పాలు రాకుండా, దూదిలాంటి చిన్న మచ్చల నుంచి ముళ్లు గుత్తులుగా వస్తే కాక్టస్.

3. కాక్టస్ అయితే నిలువు పలకలు లెక్కపెట్టండి. మూడే ఉండి, కాండానికి వేళ్లు వేలాడుతుంటే డ్రాగన్ ఫ్రూట్ కావచ్చు. ఆరు నుంచి ఎనిమిది ఉండి, నీలిపచ్చగా ఉంటే ఇళ్లలో పెంచే సెరియస్ అయ్యుండొచ్చు. దాని తెల్లటి పూలు రాత్రిపూట విచ్చుకుంటాయి.

4. కోసిన చోటు ఎండి గట్టిపడేదాకా వారం, పది రోజులు నీడలో ఉంచండి. తలకిందులు కాకుండా, సగం ఇసుక కలిపిన మట్టిలో 2 అంగుళాల లోతున నాటండి. కుండీకి అడుగున రంధ్రం ఉండాలి. వేళ్లు పట్టేదాకా నీళ్లు బాగా తగ్గించండి, ఎండాకాలం మధ్యాహ్నపు ఎండ తగలనీయకండి.

పాలు కంట్లో పడితే నలపకుండా 15 నిమిషాలు నీళ్లతో కడిగి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ముక్క మెత్తబడి నల్లగా మారుతుంటే నర్సరీవాళ్లకు చూపించండి. పూత వచ్చాక కూడా పేరు తేలకపోతే పువ్వు, ముళ్ల ఫొటోలతో కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలో అడగండి.