విభజన యను నింద – ఉస్మానియా ప్రాంగణము నేర్పు పాఠము

వెనుకకు నెట్టబడిన జనులు తమకై తాము జరుపుకొను సభలును ఉత్సవములును న్యాయమైనవా, లేక కలిసియున్నవారిని చీల్చునవా యను ప్రశ్న ఎంతకాలమైనను పాతబడుట లేదు. అమెరికా దేశమున నల్లజాతి చరిత్రకారుడు కార్టర్ జి. ఉడ్సన్ 1926 ఫిబ్రవరిలో తన జనుల చరిత్రకై ఒక వారమును ఏర్పాటు చేసెను. పాఠ్యపుస్తకములలో తమవారి ఊసే లేకపోవుట అందుకు కారణము. 1976లో ఆ వారము మాసమైనది. తెల్లవారికి లేని ప్రత్యేక మాసము నల్లవారికి ఏల యని అడుగువారు అచ్చట నేటికిని ఉన్నారు. మన దేశమున ఈ ప్రశ్న మేనిరంగు వలన కాక ప్రధానముగా కులము వలన పుట్టుచున్నది. దానిని వెదకుటకు దూరము పోనక్కరలేదు. హైదరాబాదులో తార్నాక నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయము దాక నడచిన చాలును.

2012 ఏప్రిల్ 15వ తేదీ సాయంకాలము ఆ ప్రాంగణమున దళిత విద్యార్థి సంఘములవారు అంబేద్కర్ జయంతి సందర్భమున ఒక విందు జరిపిరి. పత్రికలు దానిని బీఫ్ ఫెస్టివల్ అని వ్రాసినవి. తెలంగాణపు వాడుకలో అది పెద్దకూర. తమ ఇండ్లలో తరతరములుగా తినుచున్న ఆహారమునకు హాస్టలు భోజనశాలలో చోటు లేదనియు, ఆ కూర తినువారని తమను తక్కువగా చూచుచున్నారనియు వారి ఫిర్యాదు. వండి, బహిరంగముగా వడ్డించుటయే వారి నిరసన. ఇది గోమాతకు అవమానమని వేఱొక విద్యార్థివర్గము ఎదిరించెను. ఘర్షణ చెలరేగెను. ఒక విద్యార్థి కత్తిపోటుకు గురియయ్యెను, వాహనములు తగులబడెను, పోలీసులు లాఠీలు ఝళిపించి బాష్పవాయువును ప్రయోగించిరి. మఱునాటి నుండి వినవచ్చిన మాట ఒక్కటే: కలిసి చదువుకొను పిల్లలను ఇట్టి ఉత్సవములు చీల్చుచున్నవి.

ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. ఈ పత్రికను చదువువారిలో అధికులు శాకాహారులు. నందిని శివుని వాహనముగా, బసవేశ్వరుని నందీశ్వరుని అవతారముగా భావించి కొలుచువారు. అట్టివారికి ఆ విందు వార్త మనస్సును కలచివేసినదనుటలో అసత్యము లేదు. ఒకరి సాధికారత మఱొకరి పూజనీయ వస్తువు మీదుగా నడువవలెనా యని వారు అడుగుట సహజమే. చట్టము మాట కూడ చెప్పుకొనవలెను. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము ఆవును, దూడను వధించుటను నిషేధించెను. ఎద్దు, దున్న మున్నగువానిని పశువైద్యాధికారి ధ్రువపత్రము పొందినచో వధింపవచ్చునని చెప్పెను. కావున పెద్దకూర అనగానే అది ఆవుమాంసమే యని తలచి ఆగ్రహించుట తొందరపాటు. అయినను నొప్పి నొప్పియే. అది లేదనుట వలన వాదము గెలువదు.

అయితే ఇదే ప్రాంగణమున ఇంతకు పూర్వమును విభజన యను నింద వినబడినది. అప్పుడు అది ఎవరిపై పడెనో చూడవలెను.

ఉర్దూ బోధనాభాషగా 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. 1938 చివర హాస్టళ్లలోని హిందూ విద్యార్థులు ప్రార్థనాసమయమున వందేమాతరము పాడిరి. అది వివాదాస్పదమైన గీతమని అధికారులు నిషేధించిరి. ఆ గీతమునందు దేశమును దేవతగా కొలుచుట తమ విశ్వాసమునకు విరుద్ధమని భావించు ముసల్మానులు ఆనాడు ఉన్నారు. ఆ బాధ కూడ నటన కాదు. విద్యార్థులు తలవంచక సమ్మె చేసిరి, వందలకొలది బహిష్కృతులైరి. ఉద్యమము వరంగల్లు మొదలగు తావులకు ప్రాకెను. చదువు తెగిపోయిన ఆ బాలురకు నాగపూరు విశ్వవిద్యాలయము తలుపులు తెఱచెను. తరువాతి కాలమున ప్రధానమంత్రి పదవి నధిష్ఠించిన పి.వి. నరసింహారావు నాగపూరుకు చదువులకై పోయినది ఆ సందర్భముననే. నేడు తెలుగువారిలో ఎవరైనను ఆ విద్యార్థులను సమాజమును చీల్చినవారని అందురా? సంఖ్యలో అధికులైనను ఆ రాజ్యమున, ఆ విద్యాలయమున హిందూ విద్యార్థులు అధికారము లేనివారు. తమ పాట తాము పాడుకొందుమనిరి. అధికారము ఉన్నవారికి అది చీలికగా కనబడెను.

ఆ పిమ్మట 1969 వచ్చినది. ప్రత్యేక తెలంగాణము కావలెనని ఉస్మానియా విద్యార్థులు వీధులకెక్కిరి. వారికి అంటగట్టబడిన పేరే వేర్పాటువాదులు. 2009 డిసెంబరు నుండి ఆ ప్రాంగణము మఱల రగిలినది. 2010 జనవరి 3న అచ్చట విద్యార్థి గర్జన యను మహాసభ జరిగెను. బతుకమ్మయు, ధూంధాం ఆటపాటలును ఉద్యమరూపమును దాల్చినవి. మా భాషను సినిమాలలో వెక్కిరించుచున్నారు, మా పండుగకు గౌరవము లేదు అని వారు చెప్పుకొనిరి. అన్నదమ్ముల వంటి తెలుగువారిని విడదీయుచున్నారని రెండవ వైపువారు బాధపడిరి. 2014 జూన్ 2న రాష్ట్రము ఏర్పడెను. నాడు వేర్పాటువాది యన్న మాటను పడినవారిలోనే కొందఱు 2012లో తమ తోటి విద్యార్థులను చూచి మీరు చీల్చుచున్నారనిరి. నింద మోసిన భుజమే నింద వేయుట మనుష్యస్వభావమున ఒక విచిత్రము.

1938లో ఒకరు, 1969లో మఱొకరు, 2012లో ఇంకొకరు. మూడు పర్యాయములును నింద పడినది అడుగువారిపై. వేసినది అడుగనవసరము లేనివారు. తన పండుగకు సెలవు, తన భోజనమునకు వంటశాల, తన భాషకు పాఠ్యపుస్తకము ఉన్నవానికి ప్రత్యేక సభతో పని యేమి? అతని దినములన్నియు అతని ఉత్సవములే. అందుచేత అతడు మనమందఱము ఒక్కటే యని నిజాయితీగానే అనుకొనును. లేనివాడు నోరు విప్పినపుడు చీలిక అప్పుడే పుట్టినట్లు అతనికి తోచును. ఉన్న చీలికను చూపినవాడు దానిని చేసినవాడు కాడు. గాయము మీది గుడ్డ తీసినవానిని గాయపఱచినవాడందుమా?

దీనికి నిదర్శనము కావలసినచో తార్నాక, హబ్సిగూడ వీధులలో వ్రేలాడు టు-లెట్ బోర్డులను చదువవలెను. విశ్వవిద్యాలయమునకు దగ్గఱ గనుక అచ్చట గది వెదకుకొను విద్యార్థులెక్కువ. శాకాహారులకు మాత్రమే యను మాట నగరపు బోర్డులలో క్రొత్త కాదు. బోర్డుపై వ్రాయనివారు తలుపు దగ్గఱ అడుగుదురు. మొదట ఊరు, పిదప ఇంటిపేరు, చివరకు మీరు ఏమిట్లు? ఇల్లు యజమానిది, వంటింట మాంసము వండవద్దనుట అతని ఇష్టము. కాని వంట చేయని పిల్లవానికి సైతము గది దొరకకున్న అది ఆహారనియమము కాదు, కులనియమము. ఇది ఉత్సవము కాదు, దీనికి పోలీసులు రారు, పత్రికలు వ్రాయవు. అయినను ఏడాది పొడుగున నడచు విభజన ఇదియే. హబ్సిగూడ యను పేరు హబ్షీల వలన, అనగా అబిసీనియా నుండి వచ్చిన ఆఫ్రికావారి వలన వచ్చినదని చెప్పుదురు. ఆఫ్రికా నుండియు, ఈశాన్య రాష్ట్రముల నుండియు చదువ వచ్చు పిల్లలు నేటికిని ఆ చుట్టుపట్ల గదులు వెదకుకొనుచున్నారు. విదేశీ విద్యార్థులు తమ దినమును జరుపుకొని, తమ వంటలు పెట్టినపుడు అది సంస్కృతుల సంగమమని మెచ్చుకొందుము. అతిథి గనుక. మన ఊరి చివరివాడు అదే పని చేసినపుడు చీలిక యందుము. అతడు అతిథి కాడు, వాటాదారుడు. భేదము బహుశః అక్కడనే యున్నది.

ఇక శరణుల విషయము. పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరుని అనుభవమంటపము నెలకొన్న కల్యాణము నేడు బసవకల్యాణమను పేర కర్ణాటకమున, బీదరు జిల్లాలో నున్నది. 1956 వఱకు అది హైదరాబాదు రాష్ట్రమున భాగమే. శరణులుగా కొలువబడినవారి పేర్లు పరికింపదగినవి. మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య, నులియ చందయ్య, డోహర కక్కయ్య, మాదార చెన్నయ్య. బట్టలుదుకువాడు, పడవ నడపువాడు, త్రాళ్లు పేనువాడు, తోలు పదును చేయువాడు, చెప్పులు కుట్టువాడు. తమ వృత్తిని దాచిపెట్టిన గాని ఐక్యము కలుగదని వారెవరును తలపలేదు. ఆ వృత్తిని పేరునకు ముందే నిలుపుకొనిరి. హరళయ్య కుమారునికి మధువరసు కూతునిచ్చి వివాహము చేసినపుడు, చెప్పులు కుట్టువానికిని బ్రాహ్మణునికిని వియ్యమా యని పెద్దలు మండిపడిరనియు, బిజ్జలుడు ఆ తండ్రులిద్దఱిని క్రూరముగా శిక్షించెననియు సంప్రదాయము చెప్పుచున్నది. వారిపై మోపిన నేరము వర్ణసాంకర్యము. అనగా సమాజపు కట్టును చెఱచుట. కలుపుటకు చేసిన పని కూడ చీల్చుటగా పేరుపడినది.

శరణులు మాంసమును విడిచిరి గదా, ఈ విద్యార్థులకును వారికిని పోలిక యేమి యని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ సరియైనదే. కాని వారు విడిచినది దీక్ష పుచ్చుకొని, తమ ఇచ్చతో. హాస్టలున చేరిన బాలుడు ఏ దీక్షయు పుచ్చుకొనలేదు; ప్రవేశరుసుము మాత్రమే చెల్లించెను. అంతేకాదు. చచ్చిన పశువును ఊరి బయటకు ఈడ్చి, తోలు వొలిచి, చెప్పులు కుట్టి యిమ్మని పనిని అప్పగించినది ఊరు. ఆ పశువును తినుట వలన నీవు అంటరానివాడవని తీర్పు చెప్పినదియు ఆ ఊరే. ఈ రెండును ఎఱిగిన వాడు 2012 నాటి విందును కేవలము కవ్వింపు అనజాలడు.

అట్లని వెనుకబడినవారు చేసిన ప్రతి ఉత్సవమును న్యాయమనుట కాదు. ఇట్టి సభకు వాకిలి తెఱచియుండవలెను. ఇతరులు వచ్చి కూర్చుండి వినుటకు చోటుండవలెను. ఇష్టము లేనివాని విస్తరిలో వడ్డింపరాదు. తమ గౌరవమును చాటుకొనుట వేఱు, ఎదుటివాని దేవుని ఎగతాళి చేయుట వేఱు. ప్రాంగణమున నినాదములు మొదలైన పిమ్మట ఈ హద్దు చెరగిపోవుట కద్దు, నిర్వాహకులు దానికి బాధ్యులు. అంతకంటె ముఖ్యమైనది మఱొకటి. సభ ముగిసిన పిదప చేత ఏమి మిగిలెను? భోజనశాలలో మార్పు, ఉపకారవేతనము సకాలమున వచ్చుట, పరిశోధకునికి పర్యవేక్షకుడు దొరకుట – ఇట్టి కోరిక వెనుకనున్న సభ సాధికారతా సభ. కెమెరాల కొరకు జరుగు సభ ఒక పూట విందు మాత్రమే. దళితులలోనే మాల, మాదిగ భేదములున్నవి. ఒకరి పేర జరుగు సభలో రెండవవారికి మాటాడు వంతు వచ్చుచున్నదా యనునదియు అడుగదగిన ప్రశ్నయే.

ఇవే కొలతలు రెండవ వైపునకును చెల్లవలెను. 2015 డిసెంబరు 10న, మానవహక్కుల దినమున, అట్టి విందును మఱల జరుపుదుమని విద్యార్థులు ప్రకటింపగా పోటీ ఉత్సవముల ప్రకటనలు వెలువడినవి. విషయము హైకోర్టుకు పోయెను. విందును జరుపనీయరాదని ఉత్తర్వు వచ్చెను. పోలీసులు ప్రాంగణపు ద్వారములను మూసి పలువురను అదుపులోనికి తీసికొనిరి. ఆ దినమున రక్తపాతము తప్పినది, అది మేలే. నిరాయుధులై శాంతియుతముగా సమావేశమగు హక్కును రాజ్యాంగపు 19వ అధికరణము ఇచ్చినది, ప్రజాశాంతి కొరకు దానిపై సమంజసమైన పరిమితి విధింపవచ్చుననియు చెప్పినది. తమ ప్రత్యేక సంస్కృతిని నిలుపుకొను హక్కు పౌరులలో ఏ వర్గమునకైనను కలదని 29వ అధికరణము చెప్పుచున్నది. ద్వారము మూయుట ఒక దినమునకు పరిమితి కాగలదు. భోజనశాల ప్రశ్నకు అది సమాధానము కాదు. ఇదే విశ్వవిద్యాలయము 1953 జనవరి 12న డాక్టర్ అంబేద్కరుకు గౌరవ డాక్టరేటు నిచ్చి సత్కరించినది. మహద్ చెఱువు నీటిని తన జనులతో కలిసి త్రాగినందుకు, 1927లో, ఆయనను కూడ ఊరిని చీల్చినవాడనిరి.

ఈ పాఠమును అధ్యయనగోష్ఠులలో చదువువారు తమ ఊరి విషయముగా కొన్ని సంగతులను విచారింపవలెను. గోష్ఠి జరుగు మఠమునకు గాని మంటపమునకు గాని మాదార చెన్నయ్య కులమున పుట్టినవారు గడచిన సంవత్సరమున ఎందఱు వచ్చిరి? వచ్చినవారు ఎచ్చట కూర్చుండిరి? పట్టణమున ఇల్లు అద్దెకిచ్చువారు గోష్ఠిలో ఉన్నచో, గది అడుగ వచ్చిన విద్యార్థిని వారు మొదట అడిగిన ప్రశ్న యేది?