రాత్రి అన్నం ఎవరితో తింటున్నారు?



రెండు నెలల క్రితం మా స్త్రీల వార్డులో ఒక అమ్మాయిని చేర్చారు. హైదరాబాదు అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేస్తోంది. తిండీ నిద్రా లేక కళ్లు తిరిగి పడిపోతే తల్లి ఊరికి తీసుకొచ్చింది. సెలైన్ ఎక్కుతున్నా ఫోను వదలలేదు. అభిమాన హీరోకు పెళ్లయిందని విన్నప్పటి నుండి అన్నం సయించడం లేదట. "సినిమా పిచ్చి సిస్టర్, రెండు తగిలిస్తే పోతుంది" అన్నది తల్లి.

మేము హీరో సంగతి ఎత్తలేదు. రాత్రి అన్నం ఎవరితో తింటావమ్మా అని అడిగాము. చాలాసేపటికి, "ఫోను చూస్తూ ఒక్కదాన్నే తింటాను సిస్టర్" అన్నది. గదిలో ఇంకా ముగ్గురున్నారు, ఒక్కొక్కరిది ఒక్కో షిఫ్టు. ఏడు నెలలైనా వాళ్లది ఏ ఊరో ఈమెకు తెలియదు. (ఈమె ఒప్పుకున్న తరువాతే ఇది వ్రాస్తున్నాము.)

రోజూ తెరమీద మనవైపు చూస్తూ మాట్లాడే మనిషి మనకు బాగా తెలిసినవాడే అనిపిస్తాడు. అతనికి మాత్రం మనం తెలియము. ఈ ఒకవైపు స్నేహం గురించి అమెరికాలో హోర్టన్, వోల్ అనే ఇద్దరు 1956లోనే వ్రాశారు. అభిమానం జబ్బు కాదు. నర్సింగు చదివే రోజుల్లో మా ట్రంకుపెట్టె మూత లోపల కూడా ఒక హీరో ఫోటో ఉండేది! కాని మెస్సుకు అందరం కలిసి వెళ్లేవాళ్లము.

తిండి, నిద్ర, పని చెడితే డాక్టరుకు చూపించండి. చనిపోతానని అంటే ఒంటరిగా వదలక వెంటనే తీసుకురండి. "ఆయన నన్ను రహస్యంగా ప్రేమిస్తున్నాడు, సినిమాలో నాకే సైగ చేశాడు" అని గట్టిగా నమ్మితే అది వేరు. అది మానసిక వ్యాధి కావచ్చు, దానికి చికిత్స ఉంది. కొట్టడం, ఎగతాళి చేయడం వద్దు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

హీరో పేరు చెప్పి డబ్బు అడిగేవారితోనూ జాగ్రత్త. ఫ్రాన్సులో ఒక స్త్రీ హాలీవుడ్ నటుడే తనతో మాట్లాడుతున్నాడని నమ్మి 8 లక్షల యూరోలకు పైగా పోగొట్టుకున్నదని 2025 జనవరిలో పత్రికలు వ్రాశాయి.

మన అమ్మాయి తిరిగి ఉద్యోగానికి వెళ్లింది. తల్లి ఇప్పుడు రాత్రి ఎనిమిదింటికి, తానూ కంచం ముందు పెట్టుకొని, ఫోన్ చేస్తోంది. ఆదివారాలు గదిలో ఒకమ్మాయితో కలిసి కూరగాయలు తెచ్చుకుంటున్నారట. పోయిన వారం సెలవుకు వచ్చినప్పుడు బరువు చూశాము, రెండు కిలోలు పెరిగింది. ఫోనులో హీరో బొమ్మ అలాగే ఉంది. తీసేయమని మేము చెప్పలేదు.