శుక్రవారం పడుకుంటే ఆదివారం తెల్లవారింది

మన బడి పెద్ద తరగతిలో దిక్కులు, వారాలు, అంకెలు అని మూడు వేర్వేరు పాఠాలు ఉన్నాయి. పిల్లలు వాటిని అప్పజెప్పగలరు గానీ అవి ఎందుకు పనికొస్తాయో అంతగా ఎరగరు. అందుకని ఆ మూడింటినీ ఒకే ప్రయాణం మీద పెట్టి చెప్పుకుందాం. ప్రయాణం నాది కాదు. మన బడిలో చదివే ఇద్దరు పిల్లల అమ్మమ్మగారు, తాతయ్యగారు 2024 జనవరిలో లాస్ ఏంజిలిస్‌లో ఓడ ఎక్కి, హవాయి, తాహితి, బోరా బోరా, సమోవా, ఫిజీ దీవుల మీదుగా నెల రోజులకు సిడ్నీలో దిగారు. తాతయ్యగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. అమ్మమ్మగారు హైస్కూలు తెలుగు టీచరు. "కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే చూసి రావాలి" అని బయలుదేరారట. ఇద్దరూ ఒకే నోటుపుస్తకంలో వ్రాసుకున్నారు. ఆయనవన్నీ లెక్కలు, ఆవిడవి మాటలు. ఆ పుస్తకం ఇద్దరూ దయతో నాకు ఇచ్చారు.

పిల్లలూ, ఇంట్లో గ్లోబు ఉంటే దాన్ని పసిఫిక్ మహాసముద్రం ఎదురుగా వచ్చేటట్టు తిప్పండి. దాదాపు అంతా నీలమే కనిపిస్తుంది. భూమి మొత్తం ఉపరితలంలో సుమారు మూడోవంతు ఈ ఒక్క సముద్రమే. లాస్ ఏంజిలిస్ నుంచి హొనొలులు దాదాపు 2,200 నాటికల్ మైళ్ళు. నాటికల్ మైలు అంటే 1,852 మీటర్లు. గంటకు ఒక నాటికల్ మైలు పోతే ఆ వేగం ఒక నాట్. ఓడ 20 నాట్ల వేగంతో పోతే 110 గంటలు, అంటే నాలుగున్నర రోజులు దాటి. కిలోమీటర్లలో నాలుగు వేల పైచిలుకు. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ఉన్న దూరం కన్నా ఎక్కువ. ఈ దారిలో నేల కనిపించదు. "నాలుగు రోజులు ఒక్క పక్షి లేదు, ఒక్క పడవ లేదు" అని అమ్మమ్మగారు వ్రాశారు. తిండి సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను: సీలు వేసిన కందిపొడి ప్యాకెట్లు హవాయి దాటేసరికి అయిపోయాయి.

ఇక దిక్కులు. తాతయ్యగారికి రోజూ రాత్రి ఓడ పైఅంతస్తులో వెనక వైపు నిలబడి ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తున ఉందో కొలవడం అలవాటయింది. కొలవడానికి పరికరం ఏమీ లేదు, పిడికిలే. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే ఆకాశంలో అది సుమారు 10 డిగ్రీలు కప్పుతుంది. లాస్ ఏంజిలిస్‌లో ధ్రువుడు దిగంతానికి మూడు పిడికిళ్ళ పైన ఉన్నాడు. హవాయిలో రెండు పిడికిళ్ళు. మీరు ఉన్నచోటి అక్షాంశం ఎన్ని డిగ్రీలో ఉత్తరాన ధ్రువుడు అంత ఎత్తున ఉంటాడు, అదే దీని కిటుకు. హొనొలులు 21 డిగ్రీలు, మన హైదరాబాదు 17 పైన. భూమధ్యరేఖ దగ్గర ధ్రువుడు నీటిని తాకి, ఆ తరువాత మునిగిపోతాడు. ఓడ ఆ రేఖ దాటింది సరిగ్గా భోగి నాడు. అమ్మమ్మగారు ఓడ వాళ్ళ కాగితం మీద పెన్నుతో ముగ్గు వేసి గది తలుపుకు అంటించారట. తాహితిలోని పాపీటే ఊరు దక్షిణాన పదిహేడున్నర డిగ్రీల దగ్గర ఉంది. హైదరాబాదు ఉత్తరాన ఎంత దూరమో ఇది దక్షిణాన ఇంచుమించు అంతే.

ధ్రువుడు పోయిన చోట ఎవరు వచ్చారు? త్రిశంకు. విశ్వామిత్రుడు బొందితో స్వర్గానికి పంపబోతే ఇంద్రుడు తోసేయగా తలక్రిందులుగా వేలాడుతూ మిగిలిపోయిన రాజు. మన పెద్దలు దక్షిణపు ఆకాశంలో ఆయన పేరుతో చెప్పే చుక్కలనే ఇంగ్లీషులో సదరన్ క్రాస్ అంటారు. ఆంధ్రాలో మే నెల రాత్రుళ్ళు దక్షిణం వైపు బాగా కిందుగా కనిపిస్తాయి. ఇళ్ళూ చెట్లూ అడ్డం వచ్చి చాలామంది చూడరు. తాహితి దగ్గర జనవరి అర్ధరాత్రికి చక్కగా పైకి వచ్చి ఉంటాయి. "నలభై ఏళ్ళు త్రిశంకు కథ పాఠం చెప్పాను, చూడటం ఇదే మొదటిసారి" అని అమ్మమ్మగారి వాక్యం.

దిక్సూచి, గడియారం లేని కాలంలో ఈ చుక్కలతోనే పోలినీషియన్లు హవాయి దాకా వచ్చి స్థిరపడ్డారు. గాలికి కొట్టుకుపోయి వచ్చారని వాదించిన పండితులూ ఉన్నారు. ఆ వాదన తేల్చడానికి హవాయి వాళ్ళు రెండు పడవలు జంటగా కట్టిన సుమారు 60 అడుగుల తెరచాప నావ కట్టించి హోకులేఆ అని పేరు పెట్టారు. తీరా నడిపే విద్య హవాయిలో ఎవరికీ మిగల్లేదు. మైక్రోనీషియాలో సతవాల్ అనే చిన్న దీవి నుంచి మావ్ పియాయిలుగ్ అనే ఆయన వచ్చారు. తాతగారి దగ్గర చిన్నప్పుడే నేర్చుకున్న విద్య ఆయనది. ఏ చుక్క ఎక్కడ పొడుస్తుంది, ఎక్కడ కుంగుతుంది, అల ఏ వైపు నుంచి నావను ఎత్తుతోంది, సాయంత్రం పక్షులు ఎటు పోతున్నాయి, ఇవే ఆయన పటం. 1976 మే 1న హవాయిలో బయలుదేరిన నావ జూన్ 4న పాపీటే చేరింది. ఆ విద్య పరాయివాళ్ళకు చెప్పకూడదన్నది వాళ్ళ కట్టుబాటు. ఆయన దాన్ని పక్కన పెట్టి హవాయి కుర్రవాళ్ళకు నేర్పారు. ఆయన శిష్యుడు నైనోవా థాంప్సన్ 1980లో తానే నావను తాహితికి నడిపి వెనక్కి తెచ్చాడు. మావ్ 2010లో పోయారు. నా మట్టుకు నాకు ఈ ప్రయాణం మొత్తంలో ఓడ కన్నా ఆ నావే గొప్పగా తోచింది.

ఇప్పుడు వారాల పాఠం. అమ్మమ్మగారికి శనివారం ఒంటిపూట భోజనం, వేంకటేశ్వరస్వామి మొక్కు, ముప్ఫై ఏళ్ళుగా తప్పలేదు. బోరా బోరా నుంచి సమోవా వెళ్ళే దారిలో ఓడవాళ్ళు కాగితం పంచారు: రేపు శనివారం ఉండదు, శుక్రవారం తరువాత ఆదివారం. ఆవిడ కంగారుపడ్డారు. తాతయ్యగారు నవ్వారట, నవ్వినందుకు ఆ పూట మాటల్లేవు.

శనివారం ఎక్కడికి పోయింది? లెక్క చూద్దాం. పడమటికి పోయే ఓడ సూర్యుడి వెంట పరుగెడుతుంది కనుక అక్కడ రోజు కాస్త సాగుతుంది. అందుకే కొన్ని రాత్రులు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, ఆ రోజుకు 25 గంటలు. హవాయి చేరేసరికే రెండు గంటలు అలా కలిసొచ్చాయి. ఇలా పడమటిగా భూమి చుట్టూ వస్తే 24 గంటలు పోగవుతాయి. అది చేబదులు లాంటిది. అంతర్జాతీయ దినరేఖ దగ్గర ఒక్కసారిగా వసూలు చేస్తారు. మొదటిసారి భూమిని చుట్టివచ్చిన మాగెల్లాన్ ఓడవాళ్ళకు ఈ సంగతి తెలియదు. 1522 జూలైలో ఆఫ్రికా పక్కన కేప్ వెర్దె దీవుల్లో ఆగితే, వాళ్ళ పుస్తకంలో బుధవారం, ఒడ్డున ఉన్నవాళ్ళకు గురువారం. రోజూ తప్పకుండా వ్రాసుకున్న పుస్తకంలో రోజు ఎలా పోయిందని తెల్లబోయారు.

మన అమ్మమ్మగారు నిద్రకు పడినప్పుడు ఓడ గడియారంలో శుక్రవారం రాత్రి 11. హైదరాబాదులో అప్పుడు శనివారం మధ్యాహ్నం రెండున్నర. ఎనిమిది గంటలు పడుకుని లేచేసరికి ఓడలో ఆదివారం ఉదయం 6. హైదరాబాదులో ఇంకా శనివారమే, రాత్రి పదిన్నర. అంటే శనివారం లోకంలో మామూలుగానే జరిగింది, ఆ ఓడకు సూర్యోదయంతో దొరకలేదు అంతే. ఇది వినగానే ఆవిడకు పంచాంగం గుర్తొచ్చింది. ఒక సూర్యోదయం తరువాత మొదలై మరుసటి సూర్యోదయానికి ముందే ముగిసిపోయే తిథిని క్షయ తిథి అంటారు. "అయితే ఇది క్షయ వారమన్నమాట" అని వ్రాసుకుని, హైదరాబాదు శనివారం లెక్కన శుక్రవారం రాత్రి భోజనం మానేశారు. నా ఇరవై ఏళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో టైమ్ జోన్ల గురించి ఇంత పొందికైన వివరణ వినలేదు.

ఒక దేశం దేశమే ఇలా రోజును వదులుకుంది. సమోవా 2011 డిసెంబరు 29 గురువారం తరువాత నేరుగా 31 శనివారంలోకి వెళ్ళింది. వ్యాపారమంతా ఆస్ట్రేలియా, న్యూజిలాండులతో. వాళ్ళకు సోమవారం వస్తే వీళ్ళకు ఆదివారం సెలవు. అందుకే రేఖకు అవతలి పక్కకు మారారు. పొరుగున ఉన్న అమెరికన్ సమోవా మారలేదు. రెండింటి మధ్య సముద్రం వంద కిలోమీటర్లు కూడా లేదు, తేడా మాత్రం ఒక పూర్తి రోజు.

సమోవాలో తాతయ్యగారు బజారులో అంకెలు నేర్చుకున్నారు. అయిదుకు లిమా. అదే మాట ఫిజీలో, హవాయిలో, మలేషియాలో కూడా లిమాయే. సమోవాలో, హవాయిలో చేతికి కూడా అదే పేరు. వేల మైళ్ళ నీటి మీద చెల్లాచెదురుగా ఉన్నవాళ్ళ మాట కలిసే ఉంది.

తరువాత ఫిజీ. 1879 నుంచి 1916 వరకు దాదాపు 60 వేలమంది భారతీయులను అయిదేళ్ళ ఒప్పందం మీద అక్కడి చెరకు తోటలకు తీసుకెళ్ళారు. అగ్రిమెంటు అనే మాట వాళ్ళ నోట గిర్మిట్ అయింది. మొదట కలకత్తా నుంచి, 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ళు ఆ ఓడల్లో ఉన్నారు. తోటల్లో అందరికీ కలిసిన భాష హిందీ, అదీ భోజ్‌పురి, అవధి కలగలిసిన ఒక కొత్త హిందీ. 1926లో దక్షిణాదివాళ్ళు సంగం పెట్టుకుని బడులు తెరిచారు. 1941లో తెలుగువాళ్ళు విడిగా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. ఇప్పటికీ అక్కడ రెడ్లు, నాయుళ్ళు ఉన్నారు. ఇళ్ళల్లో ఎక్కువమంది మాట్లాడేది మాత్రం ఆ హిందీనే.

నాందీలో సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉంది, మన గాలిగోపురమే. అక్కడ డెబ్భై ఏళ్ళ ఒకావిడ అమ్మమ్మగారి చీరకట్టు చూసి దగ్గరకు వచ్చారు. తాము ఆంధ్రావాళ్ళమని హిందీలో చెప్పారు. ఊరు పేరు తెలియదు. వాళ్ళ నాయనమ్మ చిన్నప్పుడు అంకెలు నేర్పిందని వేళ్ళు మడుస్తూ చెప్పారట: ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు. అక్కడ ఆగి, ఆఠ్, నౌ, దస్ అన్నారు. అమ్మమ్మగారు ఆవిడ చెయ్యి పట్టుకుని మిగిలిన మూడు వేళ్ళూ మడిచి ఎనిమిది, తొమ్మిది, పది అనిపించారు. ఓడ దగ్గరకు పోవలసిన బస్సు హారన్ కొడుతూనే ఉంది. నోటుపుస్తకంలో ఆ రోజు తాతయ్యగారి లెక్కలేమీ లేవు.

ఇక ఇంటిపని. సమోవా రాజధాని అపియాలో సోమవారం ఉదయం 9 గంటలు. అమెరికన్ సమోవాలోని పాగో పాగోలో అప్పుడు ఏ వారం, ఎన్ని గంటలు? హైదరాబాదులో? పైన ఓడ గడియారాన్ని హైదరాబాదుతో పోల్చిన చోటు చూస్తే దారి దొరుకుతుంది. రెండవది, మబ్బు లేని రాత్రి నాన్నగారితో బయటికి వెళ్ళి మన ఊళ్ళో ధ్రువుడు ఎన్ని పిడికిళ్ళ ఎత్తున ఉన్నాడో కొలవండి. మూడవది, అమ్మ ముందు కూర్చుని ఒకటి నుంచి వంద దాకా తెలుగులో లెక్కపెట్టండి. ఏ అంకె దగ్గర ఇంగ్లీషులోకి జారారో ఆ అంకెను నోటుపుస్తకంలో వ్రాసుకుని వచ్చే శనివారం బడికి తీసుకురండి.